అక్షరము మారదు, పఠనము మారును

విద్యార్థులారా! మన దేహమును ఒకసారి పరికించి చూతము. కంటిలోని కటకము గాజువలె స్వచ్ఛమై వెలుతురును లోనికి పోనిచ్చును. వ్రేలి కొనయందలి చర్మము సూదిమొన తగిలినంతనే తెలిసికొనును. గుండె కండరము రేయింబవళ్లు ముడుచుకొనుచు, విప్పుకొనుచు నుండును. కాలేయము మనము తిన్న ఆహారమును శుద్ధిచేసి దాచును. వీని రూపములు వేరు, పనులు వేరు. అయినను ఇవి యన్నియు ఒక్క కణము నుండియే పుట్టినవి. తల్లి అండమును, తండ్రి శుక్రకణమును కలిసిన నాడు ఏర్పడిన ఆ కణము రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, తొమ్మిది మాసములలో శిశువైనది. మన దేహమునందు రెండు వందలకు మించిన కణజాతులు కలవు. ఒక్క కణము ఇన్ని విధములుగా ఎట్లు మారినది? ఈ ప్రశ్నయే నేటి మన పాఠము.

1. జన్యువు అనగా నేమి?

ఎర్ర రక్తకణములవంటి కొన్నింటిని విడిచినచో, దేహమునందలి కణములన్నింటికిని నడుమ ఒక కేంద్రకము కలదు. దానిలో 46 క్రోమోజోములు ఉండును. వానిలో 23 తల్లినుండియు, 23 తండ్రినుండియు వచ్చినవి. ప్రతి క్రోమోజోములోను డి.ఎన్.ఏ. అను సన్నని పొడవైన దారము కలదు. ఆ దారము మీద ఏ, టి, జి, సి అను నాలుగు రసాయనాక్షరములు మాత్రమే వరుసగా కూర్చబడి యున్నవి. తల్లి యిచ్చిన భాగములో సుమారు 300 కోట్ల అక్షరములు, తండ్రి యిచ్చిన భాగములో దాదాపు అన్నియే అక్షరములు కలవు. ఈ వ్రాతలో ఒక మాంసకృత్తును తయారుచేయు విధమును తెలుపు భాగమును జన్యువు అందురు. మానవునకు ఇట్టి జన్యువులు సుమారు 20,000 కలవు. మన ప్రక్కయింటి తమిళ విద్యార్థులు దీనినే ‘మరబణు’ అని చదువుకొందురు. కన్నడమువారు ‘వంశవాహి’ యందురు. పేరేదైనను వస్తువు ఒక్కటియే.

ఇపుడు చిక్కు ఎచ్చటనున్నదో గమనింపుడు. కంటిలోని కణమునకును, కాలేయములోని కణమునకును మూలకణము ఒక్కటియే. అది విభజన చెందునపుడెల్ల ఈ వ్రాత యంతయు ప్రతి తీసికొనబడి పిల్లకణములు రెండింటికిని చేరును. అనగా అందరి చేతిలోను ఒకే గ్రంథము కలదు. ఒకే గ్రంథమును పట్టుకొని ఒకరు కన్నుగాను, ఒకరు కాలేయముగాను ఎట్లయిరి?

2. గ్రంథము చినిగినదా, మూయబడినదా?

పంతొమ్మిదవ శతాబ్దము చివర జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు వైస్‌మన్ ఒక ఊహ చేసెను. కణములు విభజన చెందునపుడు గ్రంథము ముక్కలు ముక్కలుగా పంచబడుననియు, కాలేయమునకు కాలేయపు పుటలు, కంటికి కంటి పుటలు మాత్రమే దక్కుననియు ఆతని భావము. వినుటకు ఇది సబబుగానే తోచును. కాని విజ్ఞానశాస్త్రములో సబబుగా తోచుట చాలదు; పరీక్షకు నిలువవలెను.

ఆ పరీక్షను నిర్ణయాత్మకముగా చేసినవాడు ఆంగ్లేయుడగు జాన్ గర్డన్. ఆతడు ఆఫ్రికా దేశపు కప్ప అండమును తీసికొని, అతినీలలోహిత కిరణములతో దాని కేంద్రకమును నశింపజేసెను. తోకకప్ప ప్రేగు గోడనుండి ఒక కణపు కేంద్రకమును తీసి ఆ ఖాళీ అండములో ప్రవేశపెట్టెను. వైస్‌మన్ ఊహ నిజమైనచో ప్రేగు కణమున ప్రేగునకు సంబంధించిన పుటలు మాత్రమే యుండవలెను, కప్ప పుట్టరాదు. కాని నూటికి ఒకటి రెండు అండములలో మాత్రమే యైనను, చక్కగా ఈదులాడు తోకకప్పలు పుట్టినవి. ఈ ఫలితమును ఆతడు 1962 లో ప్రకటించెను. తరువాత 1996 జూలై 5 న స్కాట్లండులో డాలీ అను గొఱ్ఱెపిల్ల, పెరిగిన గొఱ్ఱె పొదుగునందలి కణపు కేంద్రకమునుండి పుట్టినది. కావున గ్రంథము చినుగలేదు. ప్రేగు కణములో కన్నును తయారుచేయు పుటలు కూడ భద్రముగనే యున్నవి. అవి మూయబడి మాత్రమే యున్నవి.

తలిదండ్రులు ఇచ్చట ఒక సంగతి తెలిసికొనుట మంచిది. ఈ గర్డన్ పదునైదేండ్ల బాలుడుగా నున్నపుడు జీవశాస్త్రములో తన తరగతియందు అందరికన్న వెనుకబడి యుండెను. శాస్త్రజ్ఞుడు కావలెనని అతడు కోరుట హాస్యాస్పదమని ఉపాధ్యాయుడొకడు ప్రగతి పత్రములో వ్రాసెను. ఆ పత్రమునకు అద్దము కట్టించి గర్డన్ తన బల్లయొద్ద ఉంచుకొనెను. 2012 లో ఆతనికి నోబెల్ బహుమానము లభించినది.

3. పొల్లును, కట్టును

పుటలను మూయునది ఏది? 1942 లో వాడింగ్‌టన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు ఈ విచారణకు ‘ఎపిజెనెటిక్స్’ అని పేరు పెట్టెను. ‘ఎపి’ యనగా గ్రీకు భాషలో ‘పైన’ అని యర్థము. జన్యువు మీద ఉండు గుర్తులను గూర్చిన శాస్త్రము గనుక మనము వానిని ‘పైగుర్తులు’ అందము.

తెలుగు చదువుకొన్న వారికి ఈ విషయమును బోధించుట సులభము. ‘క’ అను అక్షరమునకు పొల్లు పెట్టినచో ‘క్’ అగును. అక్షరము ఎచ్చటికిని పోలేదు. దానిలోని అచ్చు మాత్రము పలుకక ఊరకుండును. పొల్లు తీసివేసినచో మరల ‘క’ యని పలుకును. డి.ఎన్.ఏ. మీదను ఇట్టి పొల్లు ఒకటి కలదు. దాని పేరు మిథైల్. ఒక కర్బన పరమాణువు, మూడు హైడ్రోజను పరమాణువులు కలిసిన చిన్న గుంపు అది. ‘సి’ అను అక్షరము ప్రక్కన ‘జి’ వచ్చినచోట, ఆ ‘సి’ మీద ఇది అంటుకొనును. జన్యువు ఆరంభమున ఇట్టి గుర్తులు దట్టముగా నున్నచో సాధారణముగా ఆ జన్యువు పలుకదు.

రెండవ విధము తాళపత్ర గ్రంథపు కట్టువంటిది. త్రాటితో బిగించిన తాటాకుల నడుమనున్న పద్యమును ఎవరు చదువగలరు? ఒక్క కణములోని డి.ఎన్.ఏ. దారమును సాగదీసినచో సుమారు రెండు మీటర్ల పొడవుండును. మిల్లీమీటరులో నూరవ వంతునకు మించని కేంద్రకములో అది ఇముడవలెను. అందులకై హిస్టోనులను మాంసకృత్తులు ఎనిమిదేసి చొప్పున చేరి ఉండలుగా ఏర్పడగా, ఒక్కొక్క ఉండ చుట్టును 147 అక్షరముల పొడవుగల దారము చుట్టుకొని యుండును. ఈ ఉండల మీద అంటుకొను కొన్ని రసాయనములు కట్టును బిగించును; కొన్ని సడలించును. సడలినచోట జన్యువు చదువబడును, బిగిసినచోట మూయబడును.

ఇంకొక విశేషము కలదు. కణము విభజన చెందునపుడు అక్షరములతోపాటు ఈ పొల్లులును ప్రతి తీయబడును. పాత దారము మీద ఎచ్చట మిథైల్ కలదో చూచి, క్రొత్త దారము మీద అచ్చటనే దానిని పెట్టు ఎంజైము ఒకటి మన కణములలో కలదు. ఇట్టి ఏర్పాటు ఉండవలెనని 1975 లోనే ఇంగ్లండునందును, అమెరికాయందును శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఊహించిరి. కాలేయ కణమునుండి కాలేయ కణమే పుట్టుటకు ఇది యొక కారణము.

4. తొలి వారము

ఇపుడు పిండము తొలి దినములకు వత్తము. ప్రయాణమైన బిడ్డకు తల్లి చద్దిమూట కట్టి యిచ్చునట్లు, అండములో తల్లి ముందుగనే కావలసిన మాంసకృత్తులను, ఆజ్ఞాపత్రములవంటి ఆర్.ఎన్.ఏ. అణువులను నింపి యుంచును. తొలి రెండు దినములు పిండము ఆ మూట మీదనే జీవించును. దాని సొంత జన్యువులు చాలవరకు నిద్రలోనే యుండును. ఎలుకలో రెండు కణముల దశయందును, మానవునిలో ముఖ్యముగా మూడవ దినమున ఎనిమిది కణముల దశయందును అవి మేల్కొనును.

అదే కాలమున మరియొక పని జరుగుచుండును. అండమును, శుక్రకణమును తమ తమ పనులకు తగిన పైగుర్తులతో వచ్చినవి. ఆ గుర్తులు అట్లే యున్నచో పిండము క్రొత్త పాఠము వ్రాసికొనలేదు. అందుచేత పలకను తుడిచినట్లు పాత పొల్లులలో అధికభాగము తుడిచివేయబడును. అయిదారు దినములకు పిండము బోలుగానున్న చిన్న బంతివలె నగును. వెలుపలి కణములు మావియగుటకును, లోపలి కణములు శిశువగుటకును ఏర్పడును. కణముల మొదటి దారి చీలిక ఇదియే. పిమ్మట పిండము గర్భాశయపు గోడలో నాటుకొను కాలమున క్రొత్త పొల్లులు పెట్టబడును. దినదినమునకు కొన్ని పుటలు తెరువబడుచు, కొన్ని మూయబడుచు, ఒక గుంపు చర్మమువైపునకు, ఒక గుంపు కండరమువైపునకు, ఒక గుంపు ప్రేగువైపునకు సాగిపోవును.

కాని పలక అంతయు తుడువబడదు. సుమారు నూరు జన్యువుల మీద ‘ఇది తల్లి యిచ్చినది’, ‘ఇది తండ్రి యిచ్చినది’ అను ముద్ర నిలిచియే యుండును. 1984 లో ఇంగ్లండులో అజీమ్ సురానీయు, ఆతని సహచరులును, అమెరికాలో మెక్‌గ్రాత్, సాల్టర్ అనువారును ఎలుకల పిండములతో ఈ విషయమును నిరూపించిరి. సురానీ కెన్యాలో స్థిరపడిన భారత సంతతివారి కుమారుడు. రెండు భాగములును తల్లినుండియే వచ్చునట్లు చేసినపుడు మావి సరిగా పెరుగలేదు; రెండును తండ్రినుండియే వచ్చునట్లు చేసినపుడు శిశుభాగము సరిగా పెరుగలేదు. అక్షరములు పూర్తిగా నున్నవి. సంఖ్యలో లోపము లేదు. ముద్రలు మాత్రము సరిపడలేదు. తల్లిదండ్రుల ఇరువురి వ్రాతయు బిడ్డకు ఎందులకు అవసరమో ఇందువలన తెలియుచున్నది.

5. మూడు రంగుల పిల్లి

ఇంతవరకు చెప్పినది కంటికి కనబడని సంగతి. దీనిని కంటితో చూడవలెనన్నచో మీ వీధిలో తెలుపు, నలుపు, నారింజ రంగుల మచ్చలు కలిసిన పిల్లి కనబడునేమో వెదకుడు. కనబడినచో అది దాదాపు తప్పక ఆడపిల్లియే యగును.

ఆడజీవికి ఎక్స్ క్రోమోజోములు రెండు; మగజీవికి ఒకటి. రెండును ఒకేసారి పలికినచో ఆడజీవి కణములలో మాంసకృత్తులు మితిమీరును. అందుచేత పిండము ఇంకను పసిదిగా నున్న దశలోనే ప్రతి కణమును తన రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకదానిని బిగించి కట్టివేయును. ఏది కట్టవలెనన్నది ఆయా కణమునందు బొమ్మబొరుసు వేసినట్లు జరుగును. కాని ఒకమారు కట్టిన పిదప ఆ కణపు సంతతి యంతయు అదే ఎక్స్ క్రోమోజోమును కట్టి యుంచును. ఈ సత్యమును 1961 లో మేరీ లయన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞురాలు ఎలుకల రోమపు మచ్చలను చూచి ప్రతిపాదించెను.

పిల్లికి నారింజ రంగునిచ్చు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీదనే కలదు. ఒక ఎక్స్ మీద నారింజ రంగు, రెండవదాని మీద నలుపు ఉన్న ఆడపిల్లిలో, నలుపు కట్టువడిన చోట నారింజ మచ్చయు, నారింజ కట్టువడిన చోట నల్లమచ్చయు ఏర్పడును. తెలుపు వేరొక జన్యువు వలన కలుగును. ఆ పిల్లి చర్మము, పిండదశలో జరిగిన నిర్ణయమునకు జీవితాంతము నిలిచిన పటము.

2001 డిసెంబరు 22 న అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున శాస్త్రజ్ఞులు రెయిన్‌బో అను మూడు రంగుల పిల్లి కణమునుండి కేంద్రకము తీసి, దాని ప్రతిగా ఒక పిల్లిని పుట్టించిరి. దానికి సీసీ యని పేరు. అక్షరమక్షరము తల్లిపిల్లి గ్రంథమే అయినను, సీసీకి నారింజ మచ్చ ఒక్కటియు లేదు! తీసికొన్న ఆ కణములో నారింజ జన్యువుగల ఎక్స్ కట్టువడి యుండెను. ఆ కట్టు విడలేదు. అక్షరము మారకున్నను పఠనము మారుననుటకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యము వేరొకటి కావలెనా? ఈ కట్టు పిల్లులకు మాత్రమే గాదు. ఈ పాఠము చదువుచున్న ప్రతి బాలికయు, వినుచున్న ప్రతి తల్లియు కంటికి కనబడని అట్టి మచ్చల కూర్పే.

6. తల్లి ఆహారము

పైగుర్తులు పెట్టుటకు మిథైల్ కావలెను గదా! అది ఎచ్చటనుండి వచ్చును? ఆహారమునుండి. ఆకుకూరలు, పప్పుధాన్యములలో లభించు ఫోలిక్ ఆమ్లపు జాతి విటమిను ఈ సరఫరాకు ముఖ్యము. 1945 లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లీ సంస్థ పరిశోధక బృందమునకు నాయకుడు మన తెలుగువాడే. ఆయన 1895 లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

2003 లో అమెరికాలో వాటర్లాండ్, జర్టిల్ అను శాస్త్రజ్ఞులు ఒక జాతి ఎలుకలకు గర్భధారణకు ముందునుండియు ఫోలిక్ ఆమ్లము, బి12 మొదలైనవి అధికముగా నిచ్చిరి. రోమమునకు పసుపురంగు నిచ్చు ఒక జన్యువు మీద వాని పిల్లలలో పొల్లులు పెరిగినవి; పసుపు పిల్లలు తగ్గి గోధుమరంగు పిల్లలు ఎక్కువైనవి. జన్యువు అదియే, తల్లి భోజనము మాత్రము వేరు.

మానవులలో ఇట్టి ప్రయోగము చేయరాదు. కాని యుద్ధము ఒక ఘోరమైన పరీక్ష పెట్టినది. 1944–45 శీతకాలమున హాలండు పశ్చిమ భాగమును జర్మను సైన్యము దిగ్బంధము చేయగా, ఒక దశలో మనిషికి దినమునకు సుమారు 500 కేలరీల ఆహారము మాత్రమే దొరకెను. ఆ క్షామము నడుమ గర్భమునపడిన శిశువులను అరువదేండ్ల తరువాత పరీక్షించిరి. పిండపు పెరుగుదలకు తోడ్పడు ఒక జన్యువు మీద వారికి, క్షామము సోకని వారి తోబుట్టువులకన్న పొల్లులు కొంచెము తక్కువగా నున్నట్లు 2008 లో ప్రకటించిరి. గర్భము చివరి మాసములలో మాత్రమే క్షామమునకు గురియైన వారిలో ఈ భేదము కనబడలేదు. తొలి వారములు ఎంత సున్నితమైనవో దీనివలన తెలియుచున్నది.

ఇచ్చట తలిదండ్రులకు ఒక మనవి. శిశువు మెదడు, వెన్నుపాములకు మూలమైన నాళము గర్భధారణ జరిగిన సుమారు 28 దినములలోపుననే మూసికొనును. అప్పటికి అనేకమంది తల్లులకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు. ముందుగనే ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో ఆ నాళమునందలి లోపములు చాలవరకు నివారింపబడునని 1991 లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి నిరూపించినది. ఈ రక్షణ యంతయు పైగుర్తుల వలననే యని చెప్పరాదు, డి.ఎన్.ఏ. ప్రతి తీయబడుటకును ఆ విటమిను కావలెను. ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు ఒకటి చొప్పున ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉండునది ఈ ఫోలిక్ ఆమ్లమే. రుచి బాగులేదని దానిని కిటికీలోనుండి పారవేయు విద్యార్థులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను.

7. గ్రహణము చేయునదేమి?

తల్లి పరిసరములు బిడ్డ పైగుర్తులను మార్చగలవని వినినంతనే, ‘అట్లైనచో గ్రహణపు మాటయు నిజమే గదా!’ అని కొందరు అనవచ్చును. పెదవి చీలికను మనవారు గ్రహణపు మొఱ్ఱి యందురు. గ్రహణవేళ గర్భిణి కదలరాదని, ఏమియు తినరాదని గదిలో కూర్చుండబెట్టుదురు. ఇది సరికాదు. పెదవి రెండు వైపులనుండి వచ్చిన భాగములు కలియుట వలన గర్భము నాలుగవ, ఏడవ వారముల నడుమ ఏర్పడును. అవి కలియకున్నచో మొఱ్ఱి కలుగును. పొగత్రాగుట, అదుపులేని మధుమేహము, మూర్ఛకిచ్చు కొన్ని మందులు ఆ ప్రమాదమును పెంచునని తేలినది. కొన్ని జన్యువులకును ఇందు పాత్ర కలదు. చంద్రుని నీడకు పాత్ర లేదు. గ్రహణమునాడు పస్తుంచుటకన్న ప్రతిదినమును కడుపునిండ తినునట్లు చూచుట మేలు.

అట్లే, బిడ్డకు ఏ లోపము కలిగినను ‘నీ తిండివలననే’ యని తల్లిని నిందించుటకు ఈ శాస్త్రము ఆధారము కాదు. హాలండులో కనబడిన భేదము స్వల్పము. ఎలుకకు వర్తించినదెల్ల మనిషికి వర్తించునని చెప్పరాదు.

8. తలవ్రాత యన్న మాట

ఒకమారు మూసిన పుట మరల తెరువబడదా? జపానుకు చెందిన షిన్యా యమనాక 2006 లో ఎలుక చర్మకణములలో నాలుగు జన్యువులను పలికించి, ఆ కణములను తొలి దినముల పిండకణములవలె మార్చెను. 2007 లో మానవ కణములతోను ఇది సాధ్యమైనది. గర్డనుతోపాటు 2012 నోబెల్ బహుమానము పంచుకొన్నవాడు ఈయనయే.

మనవారు సామాన్యముగా ‘అంతయు తలవ్రాత’ అందురు. రక్తములో వచ్చినదానిని మార్చలేమని దాని భావము. జన్యువుల అక్షరములు మనము కోరి వ్రాసికొన్నవి కావు. అంతవరకు ఆ మాట నిజము. కాని ఏ పుట తెరువబడునో, ఏ పుట మూయబడునో నిర్ణయించుటలో తల్లి కడుపులోని తొలి దినములకును, ఆమెకు దొరకిన అన్నమునకును పాలు కలదు. అన్నము పెట్టుట మన చేతిలోని పని.

అభ్యాస ప్రశ్నలు

1. ప్రేగు కణములో కన్నును తయారుచేయు జన్యువులు కలవని గర్డన్ ఎట్లు నిరూపించెను?
2. మిథైల్ గుర్తును పొల్లుతో ఎందులకు పోల్చితిమి? ఆ పోలిక తెలుగున కాక మీకు తెలిసిన మరియొక భాషలో కుదురునా?
3. మూడు రంగుల పిల్లికి ప్రతిగా పుట్టిన సీసీకి నారింజ మచ్చలు ఏల రాలేదు?
4. పిండము మొదటి రెండు దినములు దేనిమీద ఆధారపడి జీవించును?
5. నీలిరంగు మాత్రలో నేమున్నదో, అది ఎందులకు అవసరమో మీ ఇంటిలో పెద్దలకు చెప్పి, వారడిగిన ప్రశ్నలను వ్రాసికొని తరగతికి తెండు.